గురువా? మాంత్రికుడా?

ఉద్యోగ వేటలో ఎవరి మాట వినాలి, ఎంతవరకు వినాలి? మన జానపద కథలు ఎప్పుడో చెప్పాయి!

డిగ్రీ చివరి సెమిస్టర్ అయిపోయింది. కల్హేర్ నుంచి నారాయణఖేడ్‌కు రోజూ బస్సెక్కే పని ఇక లేదు. ఇప్పుడేంటి? గ్రూప్స్ కోచింగా? పటాన్‌చెరులో కంపెనీయా? హైదరాబాద్‌లో ఏదైనా కోర్సా? తెలిసినవాళ్లతో గల్ఫ్‌కా? ఇలా అనుకోగానే చుట్టూ సలహాలు మొదలవుతాయి. సీనియర్ ఒకటి చెబుతాడు. మేనమామ ఇంకోటి అంటాడు. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ‘వారంలో జాయినింగ్’ అంటుంది. వీళ్లలో ఎవరిని నమ్మాలి?

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు. మన జానపద కథలు, ఫాంటసీ సినిమాలు చాలావరకు దీనిమీదే నడుస్తాయి. ఊళ్లోంచి ఒక కుర్రాడు బయల్దేరతాడు. దారిలో ఒక పెద్దాయన తగులుతాడు. వెనక ఇల్లో, రాజ్యమో ఉంటుంది. అక్కడి శాంతి ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’నే తీసుకోండి. కాంప్లెక్స్‌లోకి అడుగుపెట్టాలని భైరవ యూనిట్లు కూడబెడుతుంటాడు. మనం ప్యాకేజీ లెక్కలు వేసుకుంటాం. తేడా అంతే! అందుకే అందరికీ తెలిసిన మూడు కథల్ని ఈసారి ఉద్యోగార్థి కళ్లతో చూద్దాం.

అడగనిచ్చేవాడే గురువు

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాల పెద్ద పుస్తకం. అందులో మణిసిద్ధుడనే ఆయన కాలినడకన కాశీకి బయల్దేరతాడు. తోడు ఎవరూ రారు. చివరికి పశువులు కాసే కుర్రాడొకడు వస్తానంటాడు. కానీ ఒక షరతు. దారిలో తాను అడిగినవాటికల్లా కథ చెప్పాలి. మణిసిద్ధుడు ఒప్పుకుంటాడు. ఇక మజిలీ చేరగానే కుర్రాడు ఊళ్లోకి వెళ్తాడు. ఏదో వింత చూసి వస్తాడు. దాని సంగతేమిటని అడుగుతాడు. ఆయన దాని వెనకున్న కథ విప్పుతాడు.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి. షరతు పెట్టింది శిష్యుడు. ఆయనకు తోడు కావాలి, ఇతనికి కథ కావాలి. ఎవరికి ఏం కావాలో ఇద్దరికీ ముందే తెలుసు. రెండోది, గురువు కూడా నడుస్తున్నాడు. ఒకచోట కూర్చుని దారి చూపించి ఊరుకోలేదు. మూడోది మీకు బాగా పనికొచ్చేది. కుర్రాడు ముందు వెళ్లి చూసి వస్తాడు, ఆ తర్వాతే అడుగుతాడు.

‘సార్, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి’ అని చాలామంది మెసేజ్ పెడతారు. అది ఊళ్లోకి వెళ్లకుండానే అడిగిన ప్రశ్న. దానికి జవాబు రాకపోతే అవతలివాళ్లను తప్పుపట్టలేం. అదే ఇలా అడిగి చూడండి:

‘అన్నా, మాది కల్హేర్. ఈ ఏడాదే బీకాం అయిపోయింది. ట్యాలీ వస్తది. జీఎస్టీ రిటర్న్ ఎట్ల వేస్తరో వీడియోల్లో చూసిన గానీ సొంతంగ చేయలేదు. మీ ఆఫీసులో కొత్తవాళ్లకు మొదటి నెల ఏం పని ఇస్తరు? ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేయొచ్చా?’

మీకేం వచ్చు, ఏం రాదు, ఏం కావాలి... మూడూ ఇందులో ఉన్నాయి. ఇలాంటి మెసేజ్‌కు జవాబివ్వడం తేలిక. ఫోన్ అయ్యాక మరోపని మర్చిపోకండి. వాళ్లు చెప్పింది చేసి, ఏమైందో పదిహేను రోజుల్లో తిరిగి చెప్పండి. రెండోసారి ఫోన్ ఎత్తేది ఇలా చెప్పినవాళ్లదే.

గురువంటే హైదరాబాద్‌లో పెద్ద పోస్టులో ఉన్నవాళ్లే కానక్కర్లేదు. రెండేళ్ల కిందట ఉద్యోగం వచ్చిన సీనియర్ ఇంకా మేలు. అతనికి దారి గుర్తుంటుంది. మీ లెక్చరర్, ఖేడ్‌లో బ్యాంకు ఉద్యోగి, ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్... ఎవరైనా కావచ్చు. మనకు కనిపించనిది వాళ్లకు కనిపిస్తుంది. ఉదాహరణకు మీ ప్రాంతం కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గర. తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ చెవిన పడుతూనే పెరుగుతారు. ఇన్ని భాషలు అర్థంకావడం కస్టమర్లతో మాట్లాడే ఏ ఉద్యోగానికైనా బలం. కానీ అది రెజ్యుమెలో రాయాలని చాలామందికి తోచదు. బయటివాళ్లు చూసి చెప్పాలి.

జీతమిస్తూ నేర్పే పద్ధతీ ఒకటుంది. అదే అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు ‘నాట్స్’ పోర్టల్, ఐటీఐ తదితరులకు ‘న్యాప్స్’ పోర్టల్ ఉన్నాయి. సంగారెడ్డి జిల్లాలోనే రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అప్రెంటిస్‌లను తీసుకుంటుంటాయి. శిక్షణ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అయినా స్టైపెండ్, సర్టిఫికెట్, పక్కనే నిలబడి నేర్పే మనిషి దొరుకుతారు.

మాంత్రికుణ్ని గుర్తుపట్టేదెలా?

కాశీమజిలీ కథల ఛాయలతోనే 1951లో ‘పాతాళభైరవి’ సినిమా వచ్చింది. దర్శకుడు కేవీ రెడ్డి, కథా మాటలు పింగళి నాగేంద్రరావు. తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమిస్తాడు. తనతో సమానమైన సంపద తెస్తే పిల్లనిస్తానంటాడు రాజు. రాముడి దగ్గర ధైర్యం తప్ప ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే నేపాళ మాంత్రికుడు తగులుతాడు. ‘సాహసం చెయ్యి, కోరింది దొరుకుతుంది’ అన్నట్టు మాట్లాడతాడు. రాముడి ధైర్యాన్ని మెచ్చుకుంటాడు, పరీక్షలు పెడతాడు. చూసేవాళ్లకు అచ్చం గురువులాగే ఉంటాడు. కానీ అతనికి కావాల్సింది పాతాళభైరవికి బలివ్వడానికి ఓ సాహసి!

మాంత్రికుడు పిరికివాళ్లను వెతకలేదు, గమనించారా? ధైర్యం, తెలివి, అవసరం... మూడూ ఉన్న కుర్రాణ్ని ఏరికోరి పట్టుకున్నాడు. మోసపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లని మనం తేలిగ్గా అనేస్తాం. నిజానికి వల వేసేవాడు చూసేది మీ తెలివిని కాదు, మీ అవసరాన్ని. రాజు పెట్టిన గడువు లాంటిది ఇంట్లో ఉన్నవాళ్లకే వాడి మాట తియ్యగా వినిపిస్తుంది.

బ్యాక్‌డోర్ ఉద్యోగమని, లోపల మనిషి ఉన్నాడని, సీటు కోసం ముందే లక్ష కట్టాలని ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న వేసుకోండి. నాకు ఉద్యోగం రాకపోయినా ఇతనికి లాభమేనా? అవును అనిపిస్తే అక్కడే ఆగిపోండి. నిజమైన సంస్థ మీ పని కోసం జీతమిస్తుంది. ఇంటర్వ్యూకి, ఆఫర్ లెటర్‌కి, ల్యాప్‌టాప్‌కి మీ దగ్గర డబ్బు తీసుకోదు.

గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. 1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్లే విదేశాల్లో పనికి మనుషుల్ని పంపాలి. ఏజెంట్ పేరు కేంద్ర ప్రభుత్వ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేస్తుంటుంది. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామనేవాళ్లను నమ్మొద్దు.

రాముడు బయటపడిందీ ఎలాగో గుర్తుచేసుకోండి. బలికి ముందు స్నానానికి వెళ్తాడు. కొలనులో మొసలిని చంపితే దానికి శాపం తీరి, మాంత్రికుడి పన్నాగం చెబుతుంది. అంటే, మూడో మనిషి మాట వల్ల బతికాడు. మీకూ ఆ మూడో మనిషి ఉండాలి. డబ్బు కట్టేముందు, సంతకం పెట్టేముందు ఆ వ్యవహారంతో సంబంధం లేని ఒక్కరికైనా పూర్తిగా చెప్పండి. ‘ఎవరికీ చెప్పకు, సీట్లు అయిపోతాయి’ అని అవతలివాడు అంటే, కచ్చితంగా చెప్పండి!

ఇంట్లో సంధి

ఇక ఇంటి సంగతి. చదువు అయిపోయి, ఉద్యోగం రాక ఇంట్లో ఉన్న రోజులు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. బాపు అడగడు. మీరు చెప్పరు. అమ్మ అన్నం పెడుతూ మధ్యలో నలుగుతుంది. అది శాంతి కాదు, సంధి. పక్కింటివాళ్ల అబ్బాయికి ఉద్యోగం వచ్చిందన్న ఒక్క మాటతో తెగిపోతుంది. అమ్మాయిలైతే ఈ సంధి ఇంకా పలచన. ‘చదువుకున్నన్ని రోజులు సంబంధాలు చూడం’ అన్న మాట మీదే నడుస్తుంది. చదువు అయిపోయిందంటే గడువూ అయిపోయినట్టే లెక్క.

పల్నాటి వీరగాథ ఇలాంటి గడువు కథే. కోడిపందెంలో ఓడినవాళ్లు ఏడేళ్లు వనవాసం వెళ్లారు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి అలరాజు రాయబారం వెళ్లాడు. విషానికి బలయ్యాడు. సేనలు కారంపూడి చేరాయి. ఇంత జరుగుతున్నా బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడికి ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. కుర్రాడు క్షేమంగా ఉండాలనే చెప్పలేదు. బొంగరాలు ఆడుకుంటుంటే బొంగరం ఒకావిడ కాలికి తగిలింది. మీవాళ్లు యుద్ధానికి పోతే నీకు ఆటలా అని ఆమె దెప్పింది. అలా పరాయి నోట తెలిసింది. ఆ కోపంతోనే యుద్ధభూమికి వెళ్లాడు. పెద్దలు సంధి వైపు మొగ్గుతున్నా యుద్ధమే కావాలన్నాడు. ఆ యుద్ధంలోనే ప్రాణం వదిలాడు. ఆ వీరులకు కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో ఉత్సవం జరుగుతుంది.

వీరత్వాన్ని తక్కువ చేయడం కాదు. కానీ ఆ ఇంట్లో జరిగింది చూడండి. పెద్దలు దాచారు. కుర్రాడు కోపంలో తేల్చుకున్నాడు. మన ఇళ్లలోనూ అంతే. అప్పు ఎంతుందో వాళ్లు చెప్పరు. పరీక్షలో ఎన్ని మార్కులు తగ్గాయో మనం చెప్పం. చివరికి బయటివాళ్ల నోట తెలుస్తుంది. అప్పుడు ఇల్లు పల్నాడు అవుతుంది.

కాబట్టి సంధిని మౌనంగా సాగనివ్వకండి. షరతులు నోటితో చెప్పండి. కనీసం నాలుగు విషయాలు తేలాలి. ఎన్నాళ్లు చదువుకుంటారు? నెలకు ఎంత ఖర్చవుతుంది? ఈలోగా ఇంట్లో ఏ పని చేస్తారు? గడువు తీరితే ఏం చేస్తారు? నాలుగోది చాలామంది వదిలేస్తారు. గొడవ వచ్చేది అక్కడే.

‘బాపూ, మార్చి దాకా గట్టిగ చదువుకుంట. నెలకు మూడు వేలు చాలు. పొద్దుగాల పొలం పని నేను చూసుకుంట. మార్చి దాకా రాకపోతే పటాన్‌చెరుల పని చూసుకుని, రాత్రిపూట చదువుకుంట’ అని చెప్పి చూడండి. వెంటనే సరే అనకపోవచ్చు. అరవొచ్చు కూడా. అయినా ఆ మాట ఇంట్లో ఉంటుంది. అమ్మాయిలు తమ మాట చెప్పడానికి తోడు కావాలనుకుంటే అన్ననో, పెద్దమ్మనో, లెక్చరర్ మేడమ్‌నో ముందే మాట్లాడి పెట్టుకోండి. రాయబారం నమ్మకమైనవాళ్లతోనే పంపాలి మరి!

చెయ్యి వదలాల్సిన రోజు

‘పాతాళభైరవి’లో మరో కుర్రాడున్నాడు. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు. గురువు ఏం చెబితే అది చేస్తాడు. గురువు చస్తే మళ్లీ బతికిస్తాడు కూడా. కానీ సొంతంగా ఒక్క నిర్ణయం తీసుకోడు. సినిమా అంతా శిష్యుడిగానే మిగిలిపోతాడు. మూడేళ్లుగా అదే కోచింగ్ సెంటర్, అదే మెటీరియల్, ‘సార్ ఏం చెబితే అదే’ అనేవాళ్లు ఒకసారి అతణ్ని తలచుకోవాలి.

తోటరాముడు వేరు. అతనికి ప్రతిమ దొరికింది. అడిగిందల్లా వచ్చింది, మేడ లేచింది. మాంత్రికుడు మాయచేసి ప్రతిమను చేజిక్కించుకున్నాక అన్నీ పోయాయి. అప్పుడు నిలబడింది అతని సొంత ధైర్యం, పక్కనున్న నేస్తం అంజి. రికమెండేషన్‌తో వచ్చిన ఉద్యోగం ప్రతిమ లాంటిది. ఇచ్చినవాళ్లు కుర్చీ దిగితే అదీ కదులుతుంది. నేర్చుకున్న పని, కష్టంలో తోడొచ్చే నేస్తం ఎక్కడికీ పోవు.

పెద్దవాళ్లమయ్యామని తెలిసేది మొదటి జీతం రోజున కాదు. గురువు సలహాను విని, ఆలోచించి, ‘సార్, మీరు చెప్పింది అర్థమైంది. కానీ నేనిలా చేద్దామనుకుంటున్నా’ అని మర్యాదగా చెప్పగలిగిన రోజున. మంచి గురువు దానికి అలగడు. అలిగితే అతనెవరో మీకు తెలిసిపోయినట్టే.

డబ్బు కట్టేముందు... సంతకం పెట్టేముందు

• కంపెనీ వెబ్‌సైట్‌లోని నంబరుకు మీరే ఫోన్ చేయండి. వాళ్లు ఇచ్చిన నంబరుకు కాదు.
• ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి.
• బాండ్ ఉంటే ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం చేయండి. ‘ఇక్కడే, ఇప్పుడే’ అంటే వద్దనండి.
• ఓటీపీ, బ్యాంకు వివరాలు, సిమ్ కార్డు ‘ఉద్యోగం కోసం’ ఎవరికీ ఇవ్వొద్దు.
• కేంద్ర ప్రభుత్వ ‘నేషనల్ కెరీర్ సర్వీస్’ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. పోటీపరీక్షల పాఠాలు ‘టీ-శాట్’ ఛానళ్లలో ఉచితంగా వస్తాయి. డబ్బు కట్టేముందు ఇవి చూడండి.
• ఆన్‌లైన్‌లో మోసపోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ వారం చేయాల్సింది రెండే రెండు పనులు. మీరు వెళ్లాలనుకుంటున్న దారిలో రెండేళ్లు ముందున్న ఒకరిని వెతికి, ఒక్క మంచి ప్రశ్న అడగండి. రాత్రి అన్నాల వేళ ఇంట్లో నాలుగు షరతులు చెప్పేయండి. మొదటి మజిలీ ఇదే.