చిన్న కారు స్టీరియోలో డోలు ఎందుకు వినిపించదు?

కాశిబుగ్గలో ఒకరు తక్కువ ధర కారు కొన్నారనుకుందాం. కంపెనీ బిగించిన స్టీరియోలో పాట పెడితే గాయని గొంతు స్పష్టంగానే ఉంది, డోలు దెబ్బ మాత్రం పేలవంగా ఉంది. స్టీరియో మార్పించారు. వేలు ఖర్చయినా డోలు మారలేదు. లోపం చాలావరకు తలుపులో ఉంది.

స్పీకరు కోన్ ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి సంపీడనం చెందుతుంది, అదే క్షణంలో వెనుక గాలి విరళమవుతుంది. అంటే ముందు, వెనుక తరంగాలు వ్యతిరేక దశలో ఉంటాయి. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. కాబట్టి 100 హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. తలుపు లోపలి రేకు రంధ్రాల గుండా వెనుక తరంగం ముందుకు రావడానికి పట్టే దూరం అందులో చిన్న భాగమే. అందుకే రెండూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. 3,400 హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లే కనుక అక్కడ ఇలా జరగదు. హనుమకొండ వైపు బయలుదేరితే, మిగిలిన కాస్త డోలునూ టైర్ల రొద కప్పేస్తుంది.

కొత్త స్టీరియో పెట్టె మీద '50 వాట్లు' అని ఉందా? ఇంజను నడిచేటప్పుడు సుమారు 14.4 వోల్టులు అందుతాయి. 4 ఓముల స్పీకరుకు తక్షణ గరిష్ఠ సామర్థ్యం 14.4 × 14.4 ÷ 4, అంటే దాదాపు 52 వాట్లు. సగటున దక్కేది అందులో సగానికి మించదు. ఆ 50 ఎక్కడిదో తెలిసింది కదా!

ముందుగా రేకు రంధ్రాలను మూయించి, స్పీకరు చుట్టూ స్పాంజి పట్టీ వేయించి చూడాలి. తలుపు అడుగున నీరు కారే రంధ్రాలను మాత్రం మూయకూడదు, వానాకాలంలో తలుపు తుప్పు పడుతుంది.