విడువని జ్వరము – వేళకొక మాత్ర: అపోహలు, వాస్తవములు

తెలుగునాట తొలకరి దాటి శ్రావణ భాద్రపదములు వచ్చుసరికి ప్రతి యింటను ఎవరో యొకరు జ్వరమున పడుటయు, వీధి చివరనున్న మందుల షాపునకు పిల్లవానిని పంపి డోలో అను పారసెటమాల్ మాత్రల షీటు నొకదానిని తెప్పించుటయు, ప్రొద్దున నొకటి, మధ్యాహ్న మొకటి, రాత్రి యొకటి మ్రింగుచు నాలుగైదు దినములు నెట్టుకొనివచ్చుటయు గృహాచారములలో చేరిపోయినవి. ఒకటి రెండు దినముల జలుబు జ్వరమునకు ఈ యాచారమువలన చెప్పదగిన హాని లేదు. వైద్యుని యొద్దకు వెళ్ళినను అతడు చెప్పునది ఇంచుమించుగ నిదియే. చిక్కెల్ల మూడవ దినము దాటియు విడువని జ్వరముతో వచ్చినది. అప్పటినుండి అదే మాత్ర రోగికి సుఖ మిచ్చుచునే రోగమును కంటికి కానరాకుండ చేయును.

“మాత్ర వేసికొనగానే చెమట పట్టినది, ఒళ్ళు చల్లబడినది, ఇక రోగము తగ్గినట్లే” అనునది ఈ అపోహ లన్నిటికిని తల్లి. శరీరోష్ణమును నియమించు కేంద్రము మెదడులో హైపోథాలమస్ అను భాగమున కలదు. సూక్ష్మజీవులు దేహమున ప్రవేశించినప్పుడు రక్తమందలి తెల్లకణములు విడుచు కొన్ని ద్రవ్యములు అచ్చట ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థమును పుట్టించి, 98.6 డిగ్రీల చెంత నుండవలసిన హద్దును 102కో 103కో పైకి జరుపును. ఆ క్రొత్త హద్దు నందుకొనుటకై చర్మమందలి రక్తనాళములు ముడుచుకొనును, కండరములు వణకును, రోగి నడివేసవిలోనైనను దుప్పటి యడుగును. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిను పుట్టుకనే అడ్డగించునని 1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నిరూపించి, తదనంతరము 1982లో నోబెల్ బహుమానమున భాగము పొందెను. పారసెటమాల్ ప్రభావమును ప్రధానముగ మెదడునందే. అది హద్దును తాత్కాలికముగ క్రిందికి దింపును. నాలుగు మొదలు ఆరు గంటలవరకు రోగి లేచి కూర్చుండి కాఫీ యడుగును. ఈ లోపల టైఫాయిడ్ క్రిమి గాని, మలేరియా పరాన్నజీవి గాని, డెంగీ వైరస్ గాని ఒక్కటియు చావదు. 1878లో మోర్స్ అను అమెరికా రసాయనజ్ఞుడు తయారుచేసిన పారసెటమాలును 1893లో ఫాన్ మెరింగ్ అను జర్మను వైద్యుడు రోగుల కిచ్చి చూచెను. అటుపిమ్మట అర్ధశతాబ్దము మరుగునపడి, 1948లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అను నిరువురి పరిశోధనవలన మరల వెలుగునకు వచ్చి, 1950ల దశకమున అమెరికా విపణిలో అడుగిడినది. ఆనాటినుండి నేటివరకు దీనిని తాపమును, నొప్పిని అణచుటకే వాడిరి; తక్కిన మహిమలన్నియు మన మారోపించినవే.

జ్వరము కొన్ని రోగములలో మాత్ర లేకయే దిగు నను సంగతి ఈ అపోహకు మరింత బలము చేకూర్చినది. మన ప్రాంతమున కనబడు మలేరియాలో వైవాక్స్ జాతి కలిగించునది నలుబదియెనిమిది గంటల కొకసారి వచ్చును: మొదట దంతములు కొట్టుకొను చలి, పిదప మండిపోవు తాపము, కట్టకడపట ఒళ్ళంతయు తడిసిపోవు చెమట. తాపము శిఖరమున నున్నప్పుడు మాత్ర మ్రింగినవాడు ఆ చెమటను మాత్ర ఘనతగా నెంచి, మరునాడు పొలమునకో ఆఫీసునకో పోయి, మూడవనాడు అదే వేళకు మరల వణకుచు వచ్చును. 1897 ఆగస్టు 20వ తేదీని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా బీజమును మొదటిసారి కనుగొన్నది మన సికిందరాబాదునందే. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది. ఆ భవనమునకు కూతవేటు దూరమున నివసించువారు సైతము చలిజ్వరమునకు ఒక్క రక్తపరీక్ష చేయించక వారము గడపుట చూచినప్పుడు, శాస్త్రము మన యూర పుట్టినంత మాత్రమున మన యింటికి రాదని తోచును. వైవాక్స్ బీజము కాలేయమునందు దాగి నెలల తరువాత తిరుగబెట్టును గనుక, పద్నాలుగు దినములపాటు ప్రైమాక్విన్ కూడ వైద్యుని పర్యవేక్షణలో వాడవలసియుండును.

టైఫాయిడ్ సంగతి వేరు. మొదటి వారమున ఆ జ్వరము దినదినము మెట్లెక్కినట్లు హెచ్చుచు పోవుట చిరకాలముగ వైద్యులు గుర్తించిన లక్షణము. గడియారము చూచుకొని ఆరు గంటల కొక మాత్ర మ్రింగినవాని యందు ఆ మెట్లు చెరిగిపోవును. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, పొరుగింటివారికి వ్రాసియిచ్చిన చీటీ చూపి అజిత్రోమైసిన్ మాత్రలు మూడు తెచ్చుకొందురు. దానివలన క్రిములు సగము చచ్చి సగము మిగులుటయే గాక, రోగమును నిశ్చయముగ తేల్చు బ్లడ్ కల్చర్ పరీక్షలో ఏమియు పెరుగక ఫలితము శూన్యమగును. ఆ పరీక్షకు మొదటి వారమే, అదియు యాంటీబయాటిక్ పడకముందే, తగిన కాలము. పిమ్మట మిగులునది 1896లో వెలువడిన విడాల్ పరీక్ష. అది తొలిదినములలో నిజమైన రోగిని లేదనును, ఎప్పుడో రోగము వచ్చి పోయినవానిని ఉన్నదనును. చికిత్స జరుగని టైఫాయిడ్ మూడవ వారమున ప్రేగులకు రంధ్రము చేయగలదు. అట్టి స్థితిలో కడుపునొప్పికి మరియొక నొప్పి మాత్ర మ్రింగుటకంటె అపాయకరమైన పని లేదు.

“అన్ని పరీక్షలు చేయించితిమి, ఏమియు లేదన్నారు, ఇది ఉత్త వైరల్ జ్వరము” అనుమాటయు తరచుగ వినబడును. వైరల్ అను మాట ఈ మధ్య తెలియనిదాని కెల్ల పేరై కూర్చున్నది. ఆంధ్ర తెలంగాణములలో పొలము పనులకు, గడ్డి కోతకు పోవువారికి స్క్రబ్ టైఫస్ అను జ్వరము వచ్చుచున్నది. పొదలలో నుండు కంటికానని పురుగు పిల్ల కుట్టినచోట చుట్టతో కాల్చినట్లు నల్లని పెచ్చొకటి కట్టును. అది చంకలోనో, గజ్జలలోనో, రొమ్ముల క్రిందనో, మొలత్రాటి చోటనో ఉండుటచేత రోగి చెప్పడు, చూచువాడు వెదకడు. కొందరిలో ఆ మచ్చ అసలే యుండదు. పారసెటమాల్ దీనిని పదిదినములు మోసికొనివచ్చి ఊపిరితిత్తులకో మూత్రపిండములకో అప్పగించును; డాక్సీసైక్లిన్ సకాలమున ఇచ్చినచో సాధారణముగ రెండుదినములలో జ్వరము విడుచును. ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబమున మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున నడచిన అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలనుండియే 1948లో వెలువడినది.

“జ్వరము దిగినది, గండము గడచినది” అను నమ్మకము డెంగీయందు ప్రాణాంతకము. తక్కిన రోగములలో ఉష్ణము తగ్గుట శుభసూచకము కావచ్చును. డెంగీలో మూడవ దినమునకును ఏడవ దినమునకును నడుమ జ్వరము దిగినప్పుడే అసలు ప్రమాదకాలము ఆరంభమగును. సన్నని రక్తనాళముల గోడలు సడలి రక్తములోని ద్రవాంశము వెలుపలికి కారును, మిగిలిన రక్తము చిక్కబడును, నాడి బలహీనమై కాలుసేతులు చల్లబడును. ఇంటివారు ఈ చల్లదనమును చూచియే తెరపియని సంతోషింతురు! విడువని కడుపునొప్పి, మాటిమాటికి వాంతులు, చిగుళ్ళనుండి రక్తము, నల్లని మలము, మూత్రము తగ్గుట, మగతయో నిలుకడలేమియో కనబడినచో గంట యైనను ఆగరాదు. అందరును ప్లేట్‌లెట్ల లెక్క యొక్కటే అడుగుదురు గాని, రక్తము ఎంత చిక్కబడినదో చెప్పు హెమటోక్రిట్ అంకెయు అంతే ముఖ్యము. ఇంకొక తప్పు ఒంటినొప్పులకు వాడు మందులలో జరుగుచున్నది. డెంగీలో నొప్పులు ఎముకలు విరిచినట్లుండును గనుక పారసెటమాల్ చాలదని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి మాత్రగానో, ఊరి ఆర్.ఎం.పి. వైద్యుని చేతి సూదిగానో తీసికొందురు. అవి కడుపులో పుండు పుట్టించును, ప్లేట్‌లెట్ల పనిని చెరుచును, రక్తస్రావమును హెచ్చించును. వానకాలపు జ్వరమేదియైనను డెంగీ కాదని తేలువరకు ఈ మూడింటిని ముట్టరాదు.

“పారసెటమాల్ నిరపాయమైనది, ఎన్ని వేసికొన్నను ఏమియు కాదు” అనుట అర్ధసత్యము. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి ఇరువదినాలుగు గంటలలో నాలుగు గ్రాములు గరిష్ఠపరిమితి. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసికొన్న 3.9 గ్రాములు, అనగా పరిమితి అచ్చటనే నిండినది. దీనిపై జలుబుకొక మాత్ర, నడుమునొప్పికొక మాత్ర చేరును. వానిలో పెక్కింటియందు పారసెటమాల్ మరల కలిసియుండు నని షీటు వెనుక సన్నని అక్షరములు చదివినవారికే తెలియును. కాలేయము ఈ మందును విరుగగొట్టునప్పుడు కొద్దిపాటి విషము పుట్టును. దానిని గ్లూటాథయోన్ అను పదార్థము అణచివేయును. మద్యపానము చేయువారియందును, దినముల తరబడి ఆహారము లేనివారియందును ఆ నిలువ తరిగిపోవును. లంఖణం పరమౌషధమను సామెత పట్టుకొని జ్వరరోగిని ఎండగట్టుచు, ఆ ఖాళీ కడుపుననే వేళకొక మాత్ర వేయుట రెండువిధముల కీడు. ఇడ్లీయో, జావయో, పలుచని పప్పన్నమో, కొబ్బరినీళ్ళో, ఉప్పు వేసిన మజ్జిగయో ఇచ్చుటకు ఏ జ్వరమును అడ్డు కాదు. మోతాదు మించినను మొదటి దినమున వికారము తప్ప వేరు గురుతు ఉండకపోవచ్చును. పచ్చకామెరలవలె కన్నులు పసుపెక్కునాటికి కాలేయము చాలవరకు చెడియుండును. మోతాదు మించి మ్రింగిన ఎనిమిది గంటలలో ఎసిటైల్‌సిస్టీన్ అను విరుగుడు పడినచో మిక్కిలి ఫలప్రదము.

పిల్లల విషయమున వయస్సుకంటె తూనిక ముఖ్యము: కిలో బరువునకు పది మొదలు పదునైదు మిల్లీగ్రాములు, నాలుగు గంటలకు తక్కువ కాని యెడముతో. చుక్కల మందు సిరప్‌కంటె మిక్కిలి గాఢమైనది. ఒకదాని చెంచాతో రెండవదానిని కొలిచిన తల్లులు లేకపోలేదు. పన్నెండేండ్లలోపు వారికి నిమెసులైడ్ వాడుటను 2011లో మన దేశమున నిషేధించిరి. ఆస్పిరిన్ సంగతి 1963లో డగ్లస్ రై అను ఆస్ట్రేలియా వైద్యుడు వర్ణించిన మెదడు, కాలేయ వ్యాధితో ముడిపడి, పిల్లల జ్వరమునకు అది పనికిరానిదైనది. జ్వరపు మూర్ఛ వచ్చిన బిడ్డకు మాత్రలు ముందుగా పట్టించినంత మాత్రమున అది మరల రాకుండ ఆగదు.

వడదెబ్బకు పారసెటమాల్ ఇచ్చుటయు ఇట్టి పొరపాటే. అచ్చట మెదడులోని హద్దు మారలేదు, వెలుపలి వేడిమి దేహమును జయించినది. కావున దింపుటకు మాత్రకు పని లేదు. నీడ, నీరు, గాలి, వెంటనే ఆసుపత్రి.

దీని కెదురుగ “జ్వరము దేహమునకు రక్ష, దానిని దింపనే కూడదు” అను వాదమును ఇటీవల కొందరు ప్రచారము చేయుచున్నారు. జ్వరము రక్షణయత్న మనుట నిజము. సిఫిలిస్‌తో మెదడు చెడినవారికి మలేరియా నెక్కించి ఆ తాపముతో చికిత్స చేసిన వాగ్నర్-యావురెగ్‌కు 1927లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఐనను పరిమితిలో వాడిన పారసెటమాల్ రోగమును చెప్పుకోదగినంతగ పొడిగించునని చెప్పుటకు ఆధారము లేదు. నిద్ర పట్టనివానికి, నీరు త్రాగలేనివానికి మాత్ర ఇచ్చుట దయ.

కావున మూడవ దినము జ్వరము విడువనిచో ఒక కాగితముపై, మాత్ర వేసికొనుటకు ముందే థర్మామీటరు పెట్టి, వేళయు అంకెయు వ్రాసికొనవలెను. అరచేతితో నొసలు ముట్టి ‘లోజ్వర’ మనుటకు విలువ లేదు. సాయంకాలము మాత్రమే వంద దాటుచు, రాత్రి చెమటలు, తూనిక తగ్గుట, రెండు వారములు మించిన దగ్గు ఉన్నచో క్షయకై కఫపరీక్ష చేయింపవలెను, అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితము. వైద్యుని యొద్దకు పోవునప్పుడు మ్రింగిన మందుల ఖాళీ షీట్లన్నియు సంచిలో వేసికొని పోవుట మేలు. దాచినచో నష్టము రోగికే. మూడు నెలలు నిండని శిశువునకు 100.4 డిగ్రీలు వచ్చినను, గర్భిణికి జ్వరము వచ్చినను, మెడ బిగిసినను, ఊపిరి ఆడకున్నను, మాట తడబడినను, ఒంటిపై ఎఱ్ఱని రక్తపు చుక్కలు పొడసూపినను మూడు దినముల లెక్క వర్తింపదు. ఆ పూటనే బయలుదేరవలెను.