ఎరువు, బదులు



చీడికాడ వంటి మన పల్లెలలో పొరుగింటినుండి వస్తువు తెచ్చుకొనుటకు రెండు మాటలు కలవు. తవ్వెడు బియ్యము తెచ్చుకొన్నచో అది బదులు. అవి వండుకొని తిని, వేఱు బియ్యము కొలిచి యిత్తుము. గంగాళము తెచ్చుకొన్నచో అది ఎరువు. ఆ గంగాళమునే మరల నప్పగింపవలెను. (పొలమునకు వేయు ఎరువు వేఱు, దాని ప్రసంగము నేడు వలదు.) పిన్నవాండ్రు ఈ భేదమును మఱచుచున్నారు. మాటతోపాటు ఆచారమును జాఱిపోవుచున్నది.

దాని ఫలము పెండ్లి మఱునాడు పందిరి వెనుక గుట్టగా కనబడును. మున్నూరుగురు భుజించి, తలకు రెండు గ్లాసులు పాఱవేసినచో ఆఱు వందలు. ఆ చెత్తను పశువులు మేయును, కాలువలు దానితో పూడును. ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు పళ్లెములను, గ్లాసులను కేంద్రప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. ఊరిలో వేఱు పాత్రలు దొరకనిచో ఆ నిషేధమెట్లు నిలుచును?

ఎరువు నామోషి యనువారు 'ఎరువుసొమ్ము బరువుచేటు' అను సామెతను ముందుకు తెత్తురు. అది అరువు నగలతో డంబముగా తిరుగువారిని గూర్చినది. అన్నము వండు గుండిగకు దానిని అంటగట్టుట తగదు. మన ధర్మశాస్త్రము ఎరువును చిన్నచూపు చూడలేదు. యాజ్ఞవల్క్యస్మృతి దీనికి యాచితమని పేరుపెట్టినది. పెండ్లి మొదలగు ఉత్సవములకై అడిగి తెచ్చుకొన్న వస్త్రాదులే యాచితమని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు వివరించెను. పదమూడవ శతాబ్దమున కేతన ఆ గ్రంథమును తెనిగించెను. అందలి న్యాయమిది: వస్తువు రాజువలనగాని, దైవమువలనగాని, దొంగలవలనగాని పోయినచో తెచ్చుకొన్నవాడు ఇచ్చుకొననక్కఱలేదు; సొంతదారుడు అడిగినను ఈయక జాగుచేయుచుండగా పోయినచో దాని వెలయు, అంతటి దండుగయు చెల్లింపవలెను.

ఎంత చక్కని విభాగము! ఇచ్చువాని మనసు విఱుగునది సొట్టపడినందుకంటె, మూడుమాఱులు అడిగించుకొన్నందుకు.

తెలంగాణమున సిద్దిపేట ప్రాంతములో స్త్రీల పొదుపుసంఘములు 'స్టీలు బ్యాంకు' పేర పళ్లెములు, గ్లాసులు ఉంచి శుభకార్యములకు ఇచ్చుచున్నవి. మనకు రామాలయము చాలును. పాత్రలపై ఊరిపేరు చెక్కించి, ఇచ్చిన దినము, వచ్చిన దినము, సొట్టకు రుసుము ఒక పుస్తకమున వ్రాయవలెను.

చీరల సంగతి స్త్రీలకు నేను చెప్పనక్కఱలేదు. నూలుచీర పొత్తిగుడ్డయై, బొంతయై, తుదకు మసిగుడ్డ యగును. నైలానుచీరకు ఆ యోగము లేదు. అది నీరు పీల్చదు. దానిని చిరుగకమునుపే కట్టుకొనువారికి ఇచ్చివేయుట మేలు.

పాత్రలకు చందా వేయుటకు ముందే ఆ పుస్తకము ఎవరి చేత నుండవలెనో నిర్ణయింపుడు. మొగమాటము లేక అడుగగలవారు కావలెను.