నెత్తుటిలో నిలువని విషము

2020 మే 7వ తేదీ తెల్లవారకముందే విశాఖపట్టణములో ఆర్.ఆర్. వెంకటాపురము చెంతనున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రించుచున్న ఇండ్లపై క్రమ్మినది. 12 మంది మరణించిరి. వందలమంది కింగ్ జార్జి ఆసుపత్రికిని, ఇతర వైద్యశాలలకును చేరిరి. వారి ఒంటిలో ఎంత విషము చేరినదో తెలియుట ఎట్లు? రక్తము తీసి చూచిన తెలియును. కాని ఆలస్యమైనచో తెలియదు.

ఊపిరితో పోయిన స్టైరీన్ వెంటనే రక్తములో కలియును గాని అందు నిలువదు. కొంత నిశ్వాసముతోనే వెడలిపోవును. కొంత క్రొవ్వులో దాగి, మెల్లమెల్లగా తిరిగి వచ్చును. అధికభాగమును కాలేయము వేరు పదార్థములుగా మార్చివేయును. అందుచే మొదటి కొద్దిగంటలలోనే రక్తములోని మోతాదు వేగముగా తగ్గును. మరునాటి రక్తములో స్వల్పముగా కనబడినంతమాత్రాన రోగి స్వల్పముగానే పీల్చెనని చెప్పరాదు.

పరీక్షకై రక్తమును గట్టిగా బిగించిన సీసాలో వెచ్చచేయుదురు. స్టైరీన్ ఆవిరియై పైనున్న ఖాళీలోనికి లేచును. దానిని సూదితో గ్రహించి, హీలియం వాయువుతో కలిపి, సన్నని పొడవాటి గొట్టములో పంపుదురు. ఇది గ్యాస్ క్రొమాటోగ్రఫీ. తీర్థమునకు పోవువారిలో ప్రతి అంగడివద్దను ఆగువాడు వెనుకబడును గదా. అట్లే గొట్టపు లోపూతను ఎక్కువగా అంటిపెట్టుకొను పదార్థము ఆలస్యముగా ఆవలికొన చేరును. చేరినదానిని మాస్ స్పెక్ట్రోమీటరు తూచి చెప్పును. స్టైరీన్ అణుభారము 104. చేరిన వేళయు, భారమును రెండును సరిపడిననే పేరు నిశ్చయింతురు.

యంత్రమెంత గొప్పదైనను సీసా మూత వదులైనచో విషము గాలిలో కలిసిపోవును. పాలీస్టైరీన్ పాత్ర వాడినచో, ఆ పాత్రలోని స్టైరీనే దిగి లేని విషమును చూపవచ్చును!

కాలేయము చేసిన మార్పు ఇచ్చట మేలు చేయును. స్టైరీన్ నుండి పుట్టిన మాండెలిక్ ఆమ్లము మూత్రములో మరికొంతకాలము కనబడుచుండును. ఈ పేరు బాదమునకుగల జర్మను పేరునుండి వచ్చినది. అయితే మద్యము త్రాగినవారిలో ఈ మార్పు మందగించును. కనుక ఆ సంగతి అడిగి వ్రాసికొనవలెను.

అన్ని విషములును ఇట్లు పారిపోవు. అదే సంవత్సరము డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి చేరినప్పుడు, ఎయిమ్స్ పరీక్షించిన రక్తపు నమూనాలలో సీసము, నికెల్ కనబడినవి. సీసము ఎఱ్ఱకణములను పట్టుకొని యుండును. రక్తములో అది సగమగుటకు సుమారు నెలదినములు పట్టును.

స్టైరీన్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు. వైద్యుడు ఫలితముకొరకు ఆగక ఆక్సిజన్ ఇచ్చును, కన్నులు కడుగును. ఫలితము తరువాత ఎవరిని ఎంతకాలము కనిపెట్టి యుండవలెనో తేల్చుటకు పనికివచ్చును. అందులకు రక్తము తీసిన గంటయు, నిమిషమును సీసాపై వ్రాసి యుండవలెను.