మందు ముట్టనివారి లివర్

"నేను మందు ముట్టనే ముట్టను, నాకు ఫ్యాటీ లివర్ ఏమిటండీ?" మనవాళ్ల ఇళ్లలో ఈ మాట తరచూ వింటున్నాను. లివర్ పాడైందంటే తాగుడే కారణమన్న నమ్మకం మనలో అంతగా పాతుకుపోయింది.

బీజింగ్‌లో ఒకతనిది మరీ విచిత్రమైన పరిస్థితి. పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న భోజనం చేస్తే చాలు, చుక్క తాగకుండానే మత్తెక్కేది. రక్తం పరీక్షిస్తే ఆల్కహాల్ విపరీతంగా ఉండేది. అప్పటికే అతని లివర్ కొవ్వు పట్టి బాగా దెబ్బతింది. మలం పరీక్షిస్తే క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా బయటపడింది. చాలామంది పేగుల్లో ఉండేదే. కానీ అతనిలో ఉన్న రకం, తిన్న చక్కెరను పులియబెట్టి ఆల్కహాల్‌గా మార్చేస్తోంది. దాన్ని ఎలుకల పేగుల్లోకి పంపితే వాటి లివర్‌కూ కొవ్వు పట్టింది. 2019లో వెలువడిన ఈ అధ్యయనంలో పరీక్షించిన ఫ్యాటీ లివర్ రోగుల్లో దాదాపు 60 శాతం మందిలో ఆల్కహాల్ ఎక్కువగానో ఒక మోస్తరుగానో తయారుచేసే రకాలు కనిపించాయి. వారు చైనాలోని కొద్దిమంది రోగులే. కాబట్టి అందరి జబ్బుకూ ఈ ఒక్క సూక్ష్మజీవే కారణమనలేం.

అసలు సంగతి పేగుకూ లివర్‌కూ మధ్య ఉన్న దారిలో ఉంది. లివర్‌కు చేరే రక్తంలో ముప్పాతిక వంతు దాకా పేగుల వైపు నుంచి పోర్టల్ సిర ద్వారానే వస్తుంది. పేగు గోడ గట్టిగా ఉన్నంత కాలం బ్యాక్టీరియా లోపలే ఉండిపోతుంది. గోడ బలహీనపడితే బ్యాక్టీరియా పైపొర ముక్కలు రక్తంలో కలిసి నేరుగా లివర్‌కు చేరతాయి. అక్కడి కాపలా కణాలు వాటిని శత్రువులుగా గుర్తించి పోరాటానికి దిగుతాయి. అదే వాపు. కొవ్వుకు ఏళ్ల తరబడి వాపు తోడైతే లివర్ మచ్చలు పడి గట్టిపడుతుంది.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. మన హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగాలే మనలో చాలామందివీ.

తిండితో పేగును మార్చవచ్చా? జీర్ణంకాకుండా పెద్దపేగు దాకా వెళ్లే ఒక రకం పిండిపదార్థాన్ని ఫ్యాటీ లివర్ రోగులకు 4 నెలల పాటు ఇస్తే లివర్‌లో కొవ్వు తగ్గిందని 2023లో చైనా నుంచే మరో అధ్యయనం వచ్చింది. పప్పుల్లో అది సహజంగానే ఉంటుంది. వండి చల్లార్చిన అన్నంలో కొంత పెరుగుతుంది. అలాగని చద్దన్నాన్ని ఔషధం అనను. కూరగాయలు, పప్పులు పెంచి, తీపి పానీయాలు మానేసి, బరువు తగ్గించుకోవడమే ఇప్పటికీ గట్టి చికిత్స. మంచి బ్యాక్టీరియా పేరుతో అమ్మే ప్రొబయోటిక్ సీసాల మీద డబ్బు పోసే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. మీకు షుగర్ ఉన్నా, పొట్ట పెరిగినా, ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు లివర్ గురించి మీరే అడగండి.