స్టీరింగ్ ముందు అవధానం

ఆస్ట్రేలియాలో చలికాలపు సాయంత్రం. సిడ్నీలో ఐదున్నర గంటలైతే గుంటూరులో మధ్యాహ్నం ఒంటిగంట. భోజనం ముగించి తల్లిదండ్రులు తీరికగా కూర్చునే వేళ అది. ఆఫీసు నుండి కారులో ఇంటికి మరలే కుమారునికి గాని, కుమార్తెకు గాని వారితో మాట్లాడేందుకు ఇంతకన్న అనువైన సమయం దొరకదు. ఫోను చేత పట్టవలసిన పని లేదు. కారు స్పీకరులోనే అమ్మ మాట వినవస్తుంది. చేతులు రెండూ స్టీరింగ్ మీదనే ఉన్నప్పుడు భయమెందుకని అనిపించడం సహజం.

ఈ ధీమా ఎంత బలహీనమైనదో పెర్త్ నగరంలో జరిగిన ఒక పరిశోధన నిరూపించింది. 2002 ఏప్రిల్, 2004 జూలైల మధ్య రోడ్డు ప్రమాదాలకు గురై అక్కడి ఆసుపత్రులకు చేరిన 456 మంది చోదకుల ఫోను రికార్డులను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ప్రమాదానికి ముందు పది నిమిషాలలో ఫోను వాడారా? అంతకు ముందు రోజు, మూడు రోజుల క్రితం, వారం క్రితం అదే వేళకు కారు నడుపుతూ వాడారా? ఈ విధంగా ప్రతి వ్యక్తినీ అతనితోనే పోల్చి చూశారు. ఫోను వాడకం వల్ల ప్రమాద సంభావ్యత నాలుగు రెట్లు పెరిగినట్లు తేలింది. చేత పట్టుకొన్నా, పట్టుకోకున్నా ముప్పు తగ్గలేదు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించింది. కెనడాలోని టొరాంటోలో 699 మంది చోదకులపై జరిగి 1997లో వెలువడిన పరిశోధన కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పింది.

కారణం చేతిలో లేదు, మనసులో ఉంది. తెలుగువారికి అష్టావధానం పరిచితమే. పృచ్ఛకులలో ఒకరి పని అప్రస్తుత ప్రసంగంతో అవధాని ఏకాగ్రతను భంగపరచడమే. అయినా అవధాని నెగ్గుకొస్తాడు; మిగిలిన పృచ్ఛకులు తమ వంతు వచ్చేదాకా వేచి ఉంటారు గనుక. రోడ్డు అట్లా వేచి ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు సాగుతుంది. బ్రేకు వేయడం అరసెకను ఆలస్యమైతే ఎనిమిది మీటర్లు దాటిపోతుంది. రోడ్డు దాటే బాలుని ప్రాణానికి అది చాలా పెద్ద దూరం.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మరొక సంగతి గమనించారు. ఫోనులో సంభాషించే చోదకుని కన్ను వస్తువు మీద పడినా, మనసు దానిని గ్రహించకపోవచ్చు. చూపు ఉంటుంది, చూడడం ఉండదు.

మరి పక్క సీటులోని భార్యతోనో, మిత్రునితోనో మాట్లాడడం కూడా ప్రమాదమేనా అన్న సందేహం రావచ్చు. పక్కనున్న వ్యక్తికి రోడ్డు కనిపిస్తుంది. లారీ అడ్డు వస్తే మాట ఆపుతాడు, దారి తప్పుతుంటే హెచ్చరిస్తాడు. గుంటూరులోని తల్లికి ఆ లారీ కనిపించదు. బిడ్డ మౌనం వహిస్తే ఆమె ఆందోళనపడి మరొక ప్రశ్న వేస్తుంది.

ఆస్ట్రేలియా చట్టం ప్రకారం ఎర్రదీపం వద్ద ఆగి ఉన్నప్పుడు సైతం ఫోను చేత పట్టరాదు. న్యూ సౌత్ వేల్స్‌లో 2020 మార్చి 1 నుండి కెమెరాలే ఈ నేరాన్ని పసిగట్టి జరిమానాకు దారితీస్తున్నాయి. ఎల్, పి ప్లేట్లతో నడిపే యువతకు ఆ రాష్ట్రంలో చేతులు వాడని ఫోను సైతం నిషిద్ధమే. పూర్తి లైసెన్సు గల తండ్రికి చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. ప్రకృతి నియమాలు మాత్రం ఇవ్వలేదు. వెనుక సీటులోని పిల్లలు నేర్చుకొనేది చట్టాన్ని చూసి కాదు, తండ్రిని చూసి.

నివారణ సులభం. ఇల్లు చేరిన పిదపనో, కారును సురక్షితమైన చోట నిలిపిన తరువాతనో ఫోను చేయాలి. స్వదేశంలోని పెద్దలకు కూడా ఒక మాట నేర్పాలి: ఫోను ఎత్తగానే “కారులో ఉన్నావా?” అని అడగడం, అవునంటే వెంటనే పెట్టివేయడం. ఆ పూటకు కుశల ప్రశ్నలు అరగంట ఆలస్యమవుతాయి. బిడ్డ క్షేమంగా ఇల్లు చేరడంకన్న ఆ తల్లి వినగోరే కుశలవార్త మరొకటి లేదు.