రెండు సీట్ల తుఫాను

"మీ ఇంట్లో కారుందా?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పలేను. ఉందన్నానో, "అయితే పెళ్లికి అందరూ అందులోనే వచ్చేయండి" అంటారు. మా కారులో అందరూ పట్టరు. ఇద్దరే పడతారు. దానికి వెనక సీటే లేదు!

దాని పేరు శాన్ స్టార్మ్. మీలో చాలామంది విని ఉండరు. అందులో మీ తప్పేం లేదు. బెంగళూరులో రైలింజన్లు తయారుచేసే శాన్ సంస్థకు చెందిన వాళ్లు 1990ల చివర్లో గోవాలో తయారుచేసిన స్పోర్ట్స్ కారు అది. రూపం దిద్దింది ఫ్రాన్సు వాళ్లు. లోపల రెనో ఇంజను, 1149 సీసీ. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పెట్టేయొచ్చు. ఒళ్లంతా ఫైబరు. ఎత్తు చూస్తే పక్కన నిలబడ్డ నా నడుము దాటి కాస్త పైకి వస్తుంది, అంతే. తయారైనవి బహు తక్కువ. కొనేవాళ్లు లేక చివరికి ఆగిపోయింది.

అలాంటి కారు మా ఇంటికెలా వచ్చిందంటారా? మా నాన్నగారి పుణ్యం.

విశాఖపట్నంలో ఓడల డ్రాయింగులు గీసే ఉద్యోగం ఆయనది. 2004లో, నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో, పీఎఫ్ లోను తీశారు. ఆ డబ్బుతో మేడ మీద ఒక గది వేయాలని అమ్మ ఆశ. మేస్త్రీతో మాట్లాడి, కిటికీలు ఎటు పెట్టాలో కూడా అనుకుంది. నాన్న స్నేహితుడి కూతురి పెళ్లికని బెంగళూరు వెళ్లారు. వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లారు. వచ్చేటప్పుడు రెండ్రోజులు తనే నడుపుకుంటూ ఈ ఎర్ర కారులో వచ్చారు. సెకండ్ హ్యాండే, కానీ గది డబ్బు మొత్తం అయిపోయింది.

వీధి వీధంతా వచ్చి చుట్టూ మూగింది. అమ్మ చేతిలో అట్లకాడతోనే బయటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగి చూసి, "ఏవండీ, మనం నలుగురం. నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

నాన్న దగ్గర జవాబు లేదు. నేనూ తమ్ముడూ మాత్రం ఆ రెండో సీటుకి వంతులు వేసుకున్నాం. సోమవారం నేను, మంగళవారం వాడు. అమ్మ సింహాచలం వెళ్లాలంటే సిటీ బస్సే. అమ్మ వంతు ఎప్పుడొచ్చేదో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. అసలు రానేలేదు కాబట్టేనేమో.

ఇంత అందమైన కారు ఎందుకు నిలబడలేదని నాకు చాలాకాలం సందేహంగా ఉండేది. నాన్నే విడమరిచి చెప్పారు. మామూలు కార్ల ఒంటిని ఇనప రేకుతో అచ్చుల్లో నొక్కి చేస్తారు. ఆ అచ్చులకీ, ప్రెస్సులకీ కోట్లు కావాలి. లక్షల కార్లు అమ్మితేగాని ఆ ఖర్చు రాదు. ఫైబరుకి అచ్చు చవక. కానీ గాజుపీచు పరిచి, రెజిన్ పూసి, ఆరబెట్టి, గీకి నునుపు చేయాలి. ప్రతి కారుకీ చేతిపనే. అందుకని ఎక్కువ కార్లు చేయలేరు, ధరా తగ్గించలేరు. పైగా 1993లో కార్ల తయారీకి లైసెన్సుల గొడవ తీసేశాక కంపెనీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్క 1998లోనే శాంత్రో, మాటిజ్, ఇండికా మూడూ బజార్లోకొచ్చాయి. అన్నిట్లోనూ ఐదుగురు కూర్చోవచ్చు, ఏసీ పెట్టుకోవచ్చు. మన దేశంలో కారంటే అమ్మమ్మ, మనవడు, పచ్చళ్ల జాడీలు, పరుపుచుట్ట అన్నీ పట్టాలి. ఇద్దరు కూర్చుని ఎండలో పైకప్పు తీసుకుని తిరిగే కారు ఎవరిక్కావాలి?

"ఆ సంగతి మా అమ్మని అడిగుంటే మొదటిరోజే చెప్పేది" అన్నాను. నాన్న నవ్వేశారు.

తమ్ముడు ఇంజినీరింగుకి వెళ్లిపోయాక నాన్న నాకు డ్రైవింగు నేర్పారు. "గేరు మార్చేముందు చెవితో చూడమ్మా" అనేవారు. ఎప్పుడు మార్చాలో ఇంజను చప్పుడే చెబుతుందని ఆయన నమ్మకం. విడిభాగాలకు ఏ షాపుకెళ్లినా "ఆ పేరే వినలేదండీ" అనేవారు. పాత రబ్బరు గొట్టం ఊడదీసి సంచిలో వేసుకెళ్లి, పొడవూ లావూ కొలిచి సరిపోయేది తెచ్చేవారు. బేరింగయితే దాని మీదున్న నంబరు చూసుకునేవారు. ఏదీ దొరక్కపోతే లేతు మిషను దగ్గర కూర్చుని చేయించేవారు. కూరల సంచిలో వంకాయల పక్కన నట్లూ బోల్టులూ చూసి అమ్మ తిట్టని రోజు లేదు.

2014 అక్టోబరు 12. విశాఖ వాళ్లకి ఆ తేదీ వేరే చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను మా పెరట్లో చెట్టుని విరిచి కారు మీద పడేసింది. స్టార్మ్ అంటే తుఫానే కదా, తుఫాను మీద తుఫాను! ముందు బానెట్టు రెండుగా చీలింది. ఇనప రేకయితే టింకరింగు అతను సుత్తితో కొట్టి సరిచేస్తాడు. ఫైబరు మీద సుత్తి వేస్తే ఇంకా పగులుతుంది. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేశారు. నాన్న రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు.

దారి చూపింది అమ్మే. "చేపల రేవులో పడవలు కూడా ఫైబరువే కదండీ, వాళ్లెవరో బాగుచేసుకుంటారుగా" అంది పప్పు రుబ్బుకుంటూ. నాన్న చెప్పులేసుకుని ఫిషింగ్ హార్బరుకి పరిగెత్తారు. తుఫానుకి దెబ్బతిన్న పడవలు బాగుచేసే పనిలో ఊపిరాడకుండా ఉన్న ఒకాయన మూడు వారాల తర్వాత వచ్చి, కారు తట్టి చూసి, "ఇది కారేటి బాబూ, సక్రాలున్న పడవ!" అన్నాడు. చీలిన చోట లోపలివైపు గాజుపీచు పొరలు వేసి, రెజిన్ పూసి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది అతుకు కనబడకుండా చేశాడు. మా సముద్రపు గాలికి వీధిలో ప్రతి కారూ తుప్పు పడుతుంది. దీని ఒంటికి తుప్పనేది లేదు. కింద ఇనప ఛాసిస్‌కి మాత్రం ఏటా వానాకాలం ముందు నాన్న రంగు వేసేవారు.

2023లో నాన్న పోయారు.

పదమూడో రోజు దాటాక అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. అమెరికా నుంచి వచ్చిన తమ్ముడు, "అమ్మేయ్ అక్కా, దీన్నెవరు చూసుకుంటారు?" అన్నాడు. హైదరాబాదు నుంచి ఒకాయన పాత కార్లు పోగుచేస్తారట, ఫోన్ చేసి మంచి ధరే చెప్పారు. మా వారు "నీ ఇష్టం" అన్నారు. నాకు మటుకు ఒకటే లెక్క. ఆ డబ్బుతో మేడ మీద గది వేయొచ్చు. అమ్మకి ఇరవై ఏళ్ల బాకీ తీరుతుంది. అదే మాట అమ్మతో అన్నాను.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడా గదిలో ఎవరుంటారే? మీరిద్దరూ ఉన్నప్పుడు కావాల్సింది. దాన్ని అమ్మేస్తే నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అమ్మలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. మీ ఇంట్లో బండి పెద్దవాళ్ల పేరు మీదుంటే, వాళ్లు పోయాక ఊరికే నడిపేయకండి. నెలలోపు రవాణా కార్యాలయానికి తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్చమని దరఖాస్తు పెట్టాలి. 2021 నుంచి ఆర్సీలో ముందే నామినీ పేరు రాయించుకునే వీలొచ్చింది. మేం రాయించలేదు. దాంతో అమ్మా, తమ్ముడూ తమకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాల్సి వచ్చింది. పదిహేనేళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు 600 నుంచి 5000 రూపాయలైంది. నాన్న చివరిసారి కట్టింది అదే. 2027లో కట్టాల్సింది నేను. నెలనెలా ఇంటి ఖర్చులో మిగిల్చి పోపులడబ్బాలో వేస్తున్నాను.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే మేమిద్దరం బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లొస్తాం. చీరతో ఆ కారెక్కడం ఒక విద్య. ముందు పక్కకి తిరిగి సీటు మీద కూర్చోవాలి, కుచ్చిళ్లు పట్టుకోవాలి, తర్వాత రెండు కాళ్లూ ఒకేసారి లోపలికి తిప్పుకోవాలి. ఎక్కడం సుళువే. మోకాళ్ల నొప్పులతో అమ్మకి దిగడమే కష్టం. నేను ఇటు దిగి చుట్టూ వెళ్లి రెండు చేతులూ పట్టుకుని లేపుతాను. ఎయిర్‌బ్యాగులు లేవు కాబట్టి బెల్టు పెట్టుకునేదాకా బండి కదపను, యాభై దాటనివ్వను. మమ్మల్ని ఆటోలు కూడా దాటి పోతాయి. పేరుకి స్పోర్ట్స్ కారు!

మొన్న రుషికొండ దాటాక అమ్మ పైట నడుముకి దోపుకుని, "పైకప్పు తీసెయ్యవే" అంది. తీశాను. తొట్లకొండ దగ్గర మలుపులో నేను ఏదో ఆలోచిస్తూ గేరు మార్చడం మర్చిపోయాను.

"చెవితో చూడమ్మా" అంది అమ్మ.